తొమ్మిదో వీధిలో నీళ్ళు నిండుకున్నాయి

మొదటి రోజు

చెవి వచ్చేసింది! ఈ పుస్తకంలో మొదటి మాట ఇదే రాయాలని పొద్దున్నించి పెన్ను పట్టుకుని తిరుగుతున్నాను.

నేను హైమావతిని. కొత్తరేవు శివారులో తొమ్మిదో వీధికి పురపాలక సేవల బాధ్యురాలిని. రేవు అని పేరే గానీ సముద్రం ఇక్కడికి ఎనభై మైళ్ళు. పాత రేవును నీళ్ళు మింగేశాక ఈ మెట్ట మీద ఊరు కట్టి, పేరు మాత్రం వదల్లేక తెచ్చుకున్నారు. మా వీధిలో నలభై రెండు ఇళ్ళు. చెత్త తినే పురుగుల డబ్బాలు, మిద్దెల మీద దుమ్ముపరదాలు, రేషను బండి, తాగునీళ్ళు, వీటిలో ఎవరికి ఏది ఆగినా ముందు నన్నే తిడతారు. తిట్టనీ, నాకు అలవాటే.

ఇంతకీ చెవి సంగతి. వీధి మొదట్లో స్తంభానికి చేటంత చెవి బిగించారు, ఇంటింటికీ వంటింటి గోడకి గవ్వంత పిల్ల చెవి పెట్టారు. రోజూ ఆరింటికి అది పలుకుతుంది, తొట్టిలో నీళ్ళ సంగతేమిటమ్మా అని. మనం నోటితో చెబితే చాలు, కావాలన్న ఇంటికి ఆ పూటే నీళ్ళు వదులుతుంది. తెలుగులోనే! బొత్తాలు నొక్కక్కర్లేదు, మధ్యలో ఆఫీసువాళ్ళ కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. ఇళ్ళవాళ్ళ మాట తప్ప ఆఫీసు మాట వినకూడదని పట్టుబట్టి అర్జీ పెట్టింది నేనే. సంతకాల కోసం నాలుగు నెలలు తిరిగాను.

పాతకాలం కొలతముళ్ళు ఈ ఉప్పుదుమ్ముకి ఏడాది తిరక్కుండానే తుప్పుపట్టి రాలిపోయాయి. అప్పటినుంచీ మా ఆయన తిరుపాలు పదకొండేళ్ళు చేత్తో రెంచీ పట్టుకుని ఒక్కో తొట్టీ తట్టి, మోత విని, నీళ్ళు వదిలేవాడు. ఇక ఆ అవసరం లేదు. పాపం, పొద్దున స్తంభం కింద నిలబడి చెవి వైపు చాలాసేపు చూశాడు. "వింటది సరే, తొట్టి తట్టి చూస్తదా?" అన్నాడు. కుళ్ళు కాకపోతే ఏమిటి.

ఒక్కటే నిబంధన ఉంది. వీధి వీధంతా ఇరవై ఐదు రోజులు వరసగా తొట్లు నిండుగా ఉన్నాయని చెబితే, సొంత నీళ్ళున్న మిగులు వీధిగా లెక్కేసి, గొట్టం మూసి అవసరమున్నచోటికి మళ్ళిస్తారట. గొట్టం లేకపోతే ఇక్కడ బతికేది లేదు, మళ్ళీ సిటీలో గూళ్ళకి పోవాలి. అరవయ్యో అంతస్తులో మంచమంత గూట్లో నేను పంతొమ్మిదేళ్ళు ఉన్నాను. ఇక్కడ నాకొక గుమ్మం ఉంది, గుమ్మం ముందు ముగ్గుంది. అయినా మా వీధికి నీళ్ళు మిగలడం కూడానా? ఆ నిబంధన చదివి పకపకా నవ్వాను.

ఈ రోజు చిట్కా: నోట్లో వక్కపలుకు ఉన్నా చెవికి మాట ముద్దగా వినిపిస్తుంది. పుక్కిలించి మాట్లాడండి.

మూడో రోజు

ఏం రోజు, ఏం రోజు! పొద్దున ఆరు దాటగానే రెండు అంబులెన్సులు గాల్లోంచి మా వీధిలో దిగాయి. ఇరవై ఏడో ఇంటాయన చెవితో "నీళ్ళు లేక చచ్చిపోతన్నాం" అన్నాడట. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి గుండె చూస్తుంటే, లుంగీలో ఉన్నాను వదలండయ్యా అని మొత్తుకున్నాడు. అది సద్దుమణిగేసరికి పదమూడో ఇంటికి పోలీసులు. ఆవిడ "మా నీళ్ళు పోయాయి" అందట. ఎవరు ఎత్తుకుపోయారు, ఎన్ని గంటలకు అని అడుగుతున్నారు.

నవ్వి నవ్వి నా డొక్కలు నొప్పెట్టాయి. కానీ బాధ్యత నాది కదా. వెంటనే స్తంభం పక్కనున్న వీధి బోర్డు మీద పెద్దక్షరాలతో చిట్కా రాశాను: చెవి మనం అన్నది అన్నట్టే రాసుకుంటుంది. దాని ముందు చావడం, పోవడం, లేకపోవడం అనే మాటలు ఎత్తకండి. శుభమైన మాటే మాట్లాడండి.

ఇది చూసి ఆదెమ్మత్త పొంగిపోయింది. ఆమెకు ఎనభై ఒకటి. ఈ వీధి వేసిన రోజున మొదటి ఇంట్లో పాలు పొంగించింది ఆమే. నాకు చుట్టమేమీ కాదు, అత్తా అని పిలవడం అలవాటు. వాళ్ళింట్లో బియ్యానికీ ఉప్పుకీ పసుపుకీ లేదనే మాట వాడరు. కరువేళ్ళ తర్వాత ఆ వరసలో నీళ్ళూ చేరాయి. "లేదు లేదు అంటా ఉంటే నిజంగానే లేకుండా పోదటే? ఇన్నాళ్ళకి ఒక మంచి మాట రాశావు" అని నా బుగ్గలు నిమిరింది. నాకైతే పతకం వచ్చినంత సంబరమేసింది. బోర్డు మీద ఇంకో ముక్క చేర్చాను, ఆదెమ్మత్త ఎలా అంటే అందరూ అలాగే అనండి అని.

తొమ్మిదో రోజు

మా వీధి మర్యాద చూస్తే ముచ్చటేస్తోంది. పొద్దున ఆరింటికి వీధిలో నడిస్తే ఇంటింటా ఒకే మాట, దేవుడి ముందు చెప్పుకున్నట్టు. నీళ్ళు నిండుకున్నాయి తల్లీ, నీళ్ళు నిండుకున్నాయి తల్లీ.

చెవి కూడా ఎంత చక్కగా జవాబిస్తుందో. "సంతోషమమ్మా, రాసుకున్నాను" అంటుంది. ఆదెమ్మత్తకి మాత్రం ఆ సంతోషం నచ్చలేదు. మన ఇంట్లో నీళ్ళు నిండుకుంటే దానికి సంతోషమేమిటి, వెటకారమా అంది. యంత్రం కదత్తా, దానికి తెలిసిన మర్యాద అంతే, పట్టించుకోకు అని సర్దిచెప్పాను.

నీళ్ళు రాక ఐదు రోజులైంది. ఎక్కడో గొట్టం బాగుచేస్తున్నట్టున్నారు. మా ఆయన ఏదో అనబోయాడు, నేను వినలేదు.

చిట్కాలు: గిన్నెలు బూడిదతో పొడిగా తోమి గుడ్డతో తుడిస్తే చెంబెడు నీళ్ళు కూడా పట్టవు. పురుగుల డబ్బాలో ఊరగాయ ముక్కలు వేయకండి. నిన్న నలభయ్యో ఇంటివాళ్ళు మాగాయ టెంకలు వేశారు, పురుగులన్నీ మూత తోసుకుని నడివీధిలోకొచ్చాయి. వాటిని చీపురుతో లోపలికి తోలేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పదిహేనో రోజు

ఎనిమిదో వీధివాళ్ళు ఇంటికి రెండు క్యాన్లు ఇచ్చి ఆదుకుంటున్నారు. మంచివాళ్ళే, కానీ వాళ్ళ మాట వింటే నా చెవులు చిల్లులుపడ్డాయి. అందరూ కుర్రకారు, సిటీలో పుట్టినవాళ్ళు. వాళ్ళ వీధి చెవితో "ఏయ్, నీళ్ళు లేవు, వదులు" అంటారు. మర్యాదా మన్ననా ఏమీ లేదు. అయినా వాళ్ళకి గలగలా వస్తున్నాయి!

రాత్రంతా ఆలోచించాను. పొద్దున లేచేసరికి తట్టింది. మన మర్యాద చాలడం లేదు! వాళ్ళు కుర్రవాళ్ళు, ఎలా అన్నా చెల్లుతుంది. మనం ఇంకొంచెం అడిగే తీరులో అడగాలి. బోర్డు మీద చిట్కా మార్చాను: చివర దయచేసి అనండి, వీలైతే రెండుసార్లు చెప్పండి.

పనిలో పనిగా ఆఫీసుకి ఉత్తరం కూడా రాశాను. నా నోరు ఊరుకోదు కదా, కాస్త ఎత్తిపొడిచాను. మా వీధిలో ప్రతి ఇంట్లో నీళ్ళు నిండుకున్నాయి, అంతా మీ చలవే, మీ మేలు ఈ జన్మలో మరచిపోలేం అని రాశాను. చదివినవాడికి సిగ్గేయాలి.

పంతొమ్మిదో రోజు

బహుమతి వచ్చింది! తొందరలో అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

ఆఫీసు నుంచి గాలిబుట్టలో ఉత్తరం దిగింది. మీ చల్లని మాటలకు ధన్యవాదాలు, నీటి విషయంలో మీ వీధి ఊరికే ఆదర్శంగా నిలిచింది, ముప్పయ్యో రోజున ఇంజినీరుగారు స్వయంగా వచ్చి ఫలకం అందజేస్తారు అని ఉంది. బూడిదతో గిన్నెలు తోమిన సంగతి వాళ్ళదాకా ఎలా వెళ్ళిందో! బోర్డు మీది నా చిట్కాలు ఎవరో చూసే ఉంటారు. ఇంటింటికీ వెళ్ళి చదివి వినిపించాను. నీళ్ళు లేకపోయినా అందరి మొహాలూ వెలిగాయి. మా ఆయన మాత్రం ఉత్తరాన్ని తిరగేసి మరగేసి చూసి, ఖాళీ తొట్లకి బహుమతేందే అన్నాడు. ఇంజినీరుగారు వచ్చినప్పుడు మన కష్టం మొహాన్నే చెప్పుకోవచ్చు, నువ్వు అపశకునం పలక్కు అన్నాను.

ఇరవై ఆరో రోజు

నిజం రాస్తాను. కష్టంగానే ఉంది. ఎనిమిదో వీధివాళ్ళు కూడా ఎన్నాళ్ళిస్తారు, ఇప్పుడు ఇంటికి ఒక క్యానే. ఆదెమ్మత్త దొండపాదు వడలింది. ఈ శివారు మొత్తానికి అదొక్కటే పాదు. తను మొహం కడుక్కున్న నీళ్ళు గిన్నెలో పట్టి దాని మొదట్లో పోస్తోంది. నాలుగు ఇళ్ళవాళ్ళు సామాన్లు కట్టుకుంటున్నారు, గూళ్ళకి పోతారట. ఇంకో నాలుగు రోజులు ఆగండి, ఫలకం తీసుకునే వేళ అడుగుదాం అని గుమ్మానికి అడ్డం నిలబడి ఆపాను.

పైగా రేషను బండికి కబురందించేది కూడా చెవే. నిన్న మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెవికి చెప్పానా, రేషను బండి నా గుమ్మం దాటుకుని జోరుగా వెళ్ళిపోయింది. వెనక పరుగెత్తి అరిస్తే, మీరు వద్దన్నారుగా అంది బండి. నేనెప్పుడు వద్దన్నాను? దీనికి కూడా ఏదో తెగులు తగిలినట్టుంది. ఫలకం తీసుకునేటప్పుడు అదీ అడగాలి.

ముప్పయ్యో రోజు

ఏది ముందు రాయాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

పది గంటలకు ఇంజినీరు రెహానాగారు వచ్చారు. ముప్పై దాటని మనిషి, నవ్వుమొహం. పట్టుచీర కట్టుకుని, దండ పట్టుకుని నేను ముందు నిలబడ్డాను. ఫలకం మీద రంగుగుడ్డ కప్పి ఉంది. ఆవిడ గుడ్డ తీశారు. దాని మీద బంగారు అక్షరాలతో ‘మిగులు వీధి’ అని ఉంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నాను. ఆవిడ ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు, ఇరవై ఐదు రోజులకి పైగా ఒక్క ఇల్లు కూడా నీళ్ళు అడగలేదట, ఇలాంటి వీధిని ఎక్కడా చూడలేదట, మధ్యాహ్నం పన్నెండింటికి గొట్టం మూసుకుని ఆ నీళ్ళు పద్దెనిమిదో వీధికి వెళ్తాయట. పద్దెనిమిదో వీధివాళ్ళు మీకు దణ్ణాలు చెప్పమన్నారు అన్నారు. తర్వాత ఆదెమ్మత్త వైపు తిరిగి, పెద్దావిడా, మీరు రోజూ చెవితో చెప్పే మాట అందరూ వినేలా ఒకసారి చెప్పండి అన్నారు.

అత్త కొంగు సర్దుకుని చెవి వైపు చేతులు జోడించింది.

"నీళ్ళు నిండుకున్నాయి తల్లీ. దయచేసి."

"సంతోషమమ్మా, రాసుకున్నాను" అంది చెవి. రెహానాగారు చప్పట్లు కొట్టారు. వీధిలో ఇంకెవరూ కొట్టలేదు.

అప్పుడు వెనకనుంచి టంగుమని మోత వినిపించింది. మా ఆయన పాత రెంచీ తీసుకుని అత్త తొట్టి తట్టాడు. పక్కింటి తొట్టి తట్టాడు. ఆ పక్కది కూడా. మూడూ గుడిగంటల్లా మోగాయి. రెహానాగారి నవ్వు ఆగిపోయింది. ఇవి ఖాళీగా ఉన్నాయే అన్నారు.

"అదే గదమ్మా ముసలామె నెల్లాళ్ళుగా చెప్తంది" అన్నాడు మా ఆయన.

దండ నా చేతిలోంచి జారి కింద పడింది. చావడం, పోవడం, లేకపోవడం అనే మాటలు ఎత్తకండి. రాసింది నేను. పెద్దక్షరాలతో రాసింది నేను. ఆ చెవి చదువుకున్నది ఆఫీసు కాయితాలు, వంటింట్లోకి వచ్చింది ఈ నెలలోనే. నిండుకోవడమంటే దానికి నిండటమే. రెహానాగారూ గూట్లో పుట్టి పెరిగారు, గోడలోంచి పళ్ళెం వస్తే తిన్న మనిషి. బియ్యం డబ్బా అడుగు ఏనాడూ చూసి ఉండరు. విషయం చెబితే ఆవిడ మొహం తెల్లబోయింది. వెంటనే ఆపండి అన్నాను. తన చేతిలో లేదన్నారు. ఇళ్ళవాళ్ళ మాటే తప్ప ఆఫీసు మాట వినకూడదని మీ వీధే కదండీ అర్జీ పెట్టింది అన్నారు. అప్పటికి పదకొండు దాటింది.

స్తంభం దగ్గరికి పరుగెత్తాను. నిండుకోవడం అంటే నిండటం కాదే తల్లీ అని అరిచాను. చెవి ఓపికగా విన్నది. ఇన్ని రోజులు ఒక మాట చెప్పి ఇప్పుడు ఇంకోటి అంటున్నారు, ఇలా మాట తేడా వస్తే వీధిలో అందరికంటే ముందు చేరిన ఇంటివారి మాటే తీసుకుంటాను అంది. "వారినే అడుగుతున్నాను. నీళ్ళు ఉన్నాయా, లేవా? రెంటిలో ఒక్కటి చెప్పండి."

అందరం ఆదెమ్మత్త వైపు తిరిగాం. ఆమె అరుగు మీద కూలబడి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది.

కరువేళ్ళలో ఆమెకు ఎనిమిదేళ్ళట. డేరాల్లో ఉండేవాళ్ళు. ఒకనాడు ఎవరో బాటసారి గుక్కెడు నీళ్ళడిగితే, బిందెలో రెండు చెంబులున్నా వాళ్ళమ్మ లేవు పొమ్మందట. మర్నాటికి డేరాల మధ్య ఉన్న ఒక్క బావీ ఎండిపోయింది. ఆ వేసవిలోనే వాళ్ళమ్మ పోయింది. పోయేముందు ఈమె చేత ఒట్టేయించుకుందట, నీళ్ళని ఆ మాట అననని. డెబ్భై మూడేళ్ళుగా అనలేదు.

ఆమెను బలవంతం చేసే మొహం నాకెక్కడిది? పక్కన కూర్చుని ఏడ్చేశాను. తప్పంతా నాదే అత్తా, నన్ను చెప్పుచ్చుకు కొట్టు అన్నాను. అరుగు గోడ మీద గడియారంలో పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది. ఆమె నా మొహం చూసింది, సామాన్ల మూటలతో నిలబడ్డ నాలుగు కుటుంబాలనీ చూసింది, వడలిన పాదుని చూసింది.

లేచి లోపలికెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టింది, ఆ మాట లోపలికి వినపడకూడదని. గడప దాటి, ముగ్గు దాటి, నడివీధిలోకొచ్చి నిలబడింది. తగిలితే నాకే తగలనీ, ఇళ్ళకి వద్దు అంది మాతో. కొంగు తల మీదికి లాక్కుంది.

"లేవు తల్లీ. నెల్లాళ్ళ నుంచీ లేవు. నలభై రెండు ఇళ్ళల్లో చుక్క లేదు."

చెవి ఎప్పుడూ వెంటనే పలుకుతుంది. ఈసారి పలకలేదు. నేను గడియారం వైపే చూస్తున్నాను.

"రోజూ మీరు చెప్పింది ఇదేనా?" అంది చివరికి.

"ఇదే."

"నేను సంతోషం అన్నాను."

"అన్నావు."

"తప్పయింది, అమ్మా."

కాళ్ళ కింద భూమిలో ఏదో దడదడలాడింది. మా ఆయన నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు, లేచి నిలబడి రెంచీ గాల్లోకి ఎగరేశాడు. వస్తన్నాయి, వస్తన్నాయి అని అరిచాడు. నలభై రెండు తొట్లలో నీళ్ళు పడుతున్న చప్పుడు! వీధి వీధంతా బిందెలు పట్టుకుని పిచ్చెక్కినట్టు తిరిగాం. రెహానాగారు ఫలకాన్ని బోర్లా తిప్పి దాని మీద నీళ్ళు పట్టుకుని మొహం కడుక్కున్నారు. అత్త మాత్రం మొదటి చెంబు తన పాదుకి పోసింది, రెండో చెంబు వీధిలో పోయేవాళ్ళకని గుమ్మం బయట మూత పెట్టి ఉంచింది.

ముప్పై ఒకటో రోజు

ఈ రోజు చిట్కా: బోర్డు మీద రాసిన చిట్కాల్లో శుభమైన మాటే మాట్లాడమన్నదీ, దయచేసి అనమన్నదీ కొట్టేశాను. పురుగుల డబ్బాలో ఊరగాయ వేయకూడదన్నది మాత్రం అలాగే ఉంది.

మా ఆయనకి మళ్ళీ పని దొరికింది. వారానికోసారి ప్రతి తొట్టీ తట్టి, ఆ మోత చెవికి వినిపించాలి. రెహానాగారు అడిగితే నలభై రెండు ఇళ్ళూ సరేనన్నాయి, చెవి రాసుకుంది. ఈయన పొద్దున్నే మీసం దువ్వుకుని బయల్దేరాడు. రెంచీ నేనే తుడిచి చేతికిచ్చాను.

నలభై నాలుగో రోజు

దొండపాదు చిగురేసింది! అత్త చూడమని పిలిస్తే పరుగెత్తాను. మూడాకులు, గోరంత. చెవి ఇప్పుడు రోజూ తీరిక వేళల్లో ఆమె దగ్గర వంటింటి మాటలు నేర్చుకుంటోంది. దీపం కొండెక్కడం అంటే దీపానికి కాళ్ళున్నాయా అని నిన్న గంటసేపు అడిగిందట. ఎవరైనా వెళ్ళొస్తానంటే వెళ్తున్నట్టా వస్తున్నట్టా అని కూడా అడిగిందట. అత్త విసుక్కుంటూనే అన్నీ చెబుతోంది.

సాయంత్రం ఐదింటికి రోజూలాగే పుస్తకం పట్టుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాను. ఈ రోజు వీధిలో ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగాను.

"ఫిర్యాదులు నిండుకున్నాయమ్మా" అంది చెవి.

ఎన్ని వచ్చాయి, ఏ ఇంట్లో ఏం జరిగింది అని పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాను. అంతలో అనుమానం వచ్చి ఆగాను.

"ఏ అర్థంలో?" అన్నాను.

"మీ అర్థంలోనే."

పేజీ ఖాళీగా వదిలేసి, పెన్ను మూత పెట్టి ఇంటికొచ్చాను.